ఉత్తరం నుంచి వాట్సాప్ దాకా: తెలుగు కుటుంబాలలో డిజిటల్ సాధనాలు, లిపి వినియోగం – ఒక చారిత్రక పరిశీలన

ప్రవేశిక

తెలుగు సాహిత్య చరిత్ర నిర్మాణానికి ఇంటి రాత ఒక ముఖ్యమైన ఆధారం. గురజాడ లేఖలు, డైరీలు ఆయన ఆలోచనాక్రమాన్ని తెలుసుకోవడానికి నేటికీ తోడ్పడుతున్నాయి. సంజీవదేవ్ స్థానాన్ని ఆయన లేఖలను విడిచి నిర్ణయించలేము. కనుపర్తి వరలక్ష్మమ్మ ‘శారద లేఖలు’ నెచ్చెలికి రాసే ఉత్తరాన్నే పత్రికా రచనగా మలచి, స్త్రీల సమస్యలను చర్చకు తెచ్చాయి. ‘ఉభయకుశలోపరి’ అని మొదలయ్యే కార్డుముక్క కూడా ఆనాటి భాషకు, బంధుత్వ మర్యాదలకు సాక్ష్యమే.

ఫోన్లు, కంప్యూటర్లు ఇళ్లలోకి వచ్చాక ఈ రాత ఏమైంది అన్న ప్రశ్నకు సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. సాధనాలు తెలుగు రాతను చంపాయని ఒకటి, వాటివల్లనే తెలుగు రాత విస్తరించిందని మరొకటి. సాధనం రావడాన్నీ, ఆ సాధనంలోకి లిపి రావడాన్నీ ఒకే సంఘటనగా భావించడం ఈ రెండింటిలోనూ ఉన్న లోపం. ఈ రెండు రాకల మధ్య దీర్ఘకాలిక వ్యవధి ఉందనీ, నేటి రాత అలవాట్లు ఆ వ్యవధిలోనే ఏర్పడ్డాయనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇంటి బయటి సాధనం

తెలుగు కుటుంబాలలో అధికభాగానికి ఫోన్ మొదట వీధి సాధనం. 1980ల చివరి నుంచి విస్తరించిన ఎస్.టి.డి. బూత్, పక్కింటి ఫోన్ ఇందుకు రెండు రూపాలు. దరఖాస్తులలో నంబరు పక్కన ‘పి.పి.’ అని రాసుకోవడం ఆ పరాధీనతకు గుర్తు. పరాయి ఇంట్లో నలుగురి ముందు, గడియారం చూసుకుంటూ మాట్లాడే మాటకు పరిమితులు ఉండేవి. జననం, మరణం, ప్రయాణం వంటి వార్తలు ఫోన్‌కు, మనసు విప్పి చెప్పవలసిన విషయాలు ఉత్తరానికి అన్న విభజన ఈ దశలో కొనసాగింది. అంటే ఫోన్ రాగానే ఉత్తరం అంతరించలేదు. రెండూ పనులు పంచుకున్నాయి.

మనదేశంలో తొలి మొబైల్ సంభాషణ 1995 జూలై 31న జరిగింది. అదే ఏడాది ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ సేవలను ప్రారంభించింది. ఇంటర్నెట్ కూడా చాలా కుటుంబాలకు మొదట బజారులోని నెట్ సెంటర్ రూపంలోనే పరిచయమైంది. అమెరికాలో ఉన్న సంతానానికి అక్కడినుంచి పంపిన ఈమెయిల్ తెలుగు మాటల్లో ఉన్నా, రోమన్ లిపిలో ఉండేది. తెలుగును రోమన్ అక్షరాలలో నియమబద్ధంగా రాయడానికి అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో 1990ల తొలినాళ్లలో రూపొందిన ఆర్.టి.ఎస్. పద్ధతి ఈ అవసరం నుంచే పుట్టింది. ఆ పద్ధతిలో పెద్ద, చిన్న అక్షరాల భేదంతో హ్రస్వదీర్ఘాలను, దంత్యమూర్ధన్యాలను వేరుచేయవచ్చు. ఇంటి రాతలో ఆ నియమాలు నిలవలేదు.

చేతిలోకి వచ్చిన ఫోన్

2003 మే నుంచి మొబైల్‌కు వచ్చే పిలుపులు ఉచితమయ్యాయి. అదే ఏడాది జూలైలో రిలయన్స్ సంస్థ 501 రూపాయల తొలి చెల్లింపుతో ఫోన్ ఇచ్చే పథకాన్ని ప్రవేశపెట్టింది. పిలుపు అందుకోవడానికి డబ్బు అక్కర్లేకపోవడంతో సంపాదన లేని కుటుంబ సభ్యుల చేతికీ ఫోన్ వచ్చే వీలు కలిగింది. 2011 జనగణన నాటికి దేశంలోని 63.2 శాతం కుటుంబాలకు టెలిఫోన్ ఉంది. కేవలం మొబైల్ ఉన్నవి 53.2 శాతం. కంప్యూటర్ ఉన్నవి 9.5 శాతం, దానికి ఇంటర్నెట్ కూడా ఉన్నవి 3.1 శాతం మాత్రమే. కంప్యూటర్ కోసం జరిగిన తెలుగు ఫాంట్ల కృషి ఫలితం చాలా ఇళ్లకు ఎందుకు చేరలేదో ఈ అంకెలు చెబుతున్నాయి.

ఈ దశలో ఎస్సెమ్మెస్ ఇంటి రాతకు ప్రధాన రూపమైంది. రోమన్ లిపిలో ఒక సందేశానికి 160 అక్షరాల పరిమితి. యూనికోడ్ తెలుగులో అది 70 సంకేతాలే. ‘క్షేమంగా చేరాను’ అన్న వాక్యాన్ని తీసుకుంటే, వత్తులు, గుణింతాలు, నడుమ ఖాళీ విడివిడిగా లెక్కించినా తెలుగులో 15 సంకేతాలు. రోమన్‌లో 17 అక్షరాలు. అంటే తెలుగు లిపి ఎక్కువ చోటు కోరే లిపి కాదు; దానికి కేటాయించిన చోటే సగం కన్నా తక్కువ. పైగా చాలా ఫోన్లలో తెలుగు అక్షరాలకు బదులు గళ్లు కనిపించేవి. కనుక రోమన్ లిపిని ఎంచుకోవడాన్ని భాషాభిమానం లేకపోవడంగా మాత్రమే చూడడం సరికాదు. అది ఖర్చును, సౌలభ్యాన్ని లెక్కచూసుకున్న నిర్ణయం.

అయితే ఆ నిర్ణయానికి భాష మూల్యం చెల్లించింది. కల, కళ, కాల – ఈ మూడూ రోమన్ సందేశంలో ఒకే రూపం దాల్చాయి. అర్థాన్ని సందర్భమే నిర్ణయించవలసి వచ్చింది. ఇంట్లోవారికి సందర్భం తెలుసు గనుక ఇబ్బంది కలగలేదు. రేపటి పరిశోధకుడికి ఆ సందర్భం అందుబాటులో ఉండదు.

ఆలస్యంగా వచ్చిన లిపి

1991లో వెలువడిన యూనికోడ్ తొలి సంచికలోనే తెలుగుకు స్థానం దక్కింది. విండోస్ ఎక్స్‌పి 2001లో గౌతమి ఫాంట్‌తో వచ్చింది. దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు వ్యక్తిగత కృషికి నిదర్శనాలు. ఫోన్లలో భారతీయ భాషల వినియోగానికి ప్రమాణం నిర్దేశించింది మాత్రం 2016లోనే. ప్రమాణపట్టికలో చోటు దొరకడానికీ, చేతిఫోన్‌లో తెలుగు తప్పనిసరి అంశం కావడానికీ మధ్య పాతికేళ్లు గడిచాయి. ఒక తరం ఇంటి రాత ఈలోగా రోమన్ లిపిలో స్థిరపడింది.

2016 సెప్టెంబరులో జియో ప్రవేశంతో డేటా ధరలు పడిపోయాయి. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగులో స్వరంతో రాసే సదుపాయం కల్పించింది. లిపి చేతికందిన సమయంలోనే స్వరసందేశం, వీడియో పిలుపు కూడా అందాయి. కనుక తెలుగు లిపి పోటీపడవలసింది రోమన్ లిపితో మాత్రమే కాదు, రాయనక్కర్లేని సౌకర్యంతో కూడా. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న అక్షరం ఒక ప్రత్యేక సంకేతక్రమంలో వచ్చినప్పుడు ఐఫోన్ అనువర్తనాలు స్తంభించాయి. ఆపిల్ సంస్థ కొద్దిరోజుల్లోనే సరిదిద్దింది. ‘జ్ఞానం’లోని తొలి అక్షరాన్ని నిభాయించుకోలేని యంత్రం అప్పటికే లక్షల చేతుల్లో ఉందన్నది ఇక్కడ గమనార్హం.

ఒకే ఇల్లు, అసమాన వినియోగం

ఇంట్లో ఫోన్ ఉండడం, ఇంట్లో అందరూ వాడడం ఒకటి కాదు. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21.0 శాతం, పురుషులు 48.8 శాతం. తెలంగాణ స్త్రీలలో ఇది 26.5 శాతం. ఉత్తరం రాయడానికి అక్షరజ్ఞానం, ఒక కార్డు చాలు. తెరమీద రాయడానికి వీటికి తోడు సాధనం మీద అధికారం కావాలి. శారద లేఖల కాలంలో కలం పట్టిన గృహిణి వారసురాలికి, ఈ లెక్కన, ఇంట్లోని ఫోన్ తన వంతుకు వచ్చినప్పుడే రాసే అవకాశం.

కొవిడ్ కాలం ఈ అసమానతను బయటపెట్టింది. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో పాఠాలను దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల ద్వారా ప్రసారం చేశారు. ఒక్క ఫోన్ ఉన్న ఇంట్లో ఇద్దరు పిల్లలకు పాఠం అందాలంటే పాత టెలివిజనే ఆధారమైంది. కొత్త సాధనం పాతదాన్ని తొలగిస్తుందన్న సరళరేఖా చరిత్రకు ఇదొక సవరణ.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, సాధనం వీధి నుంచి ఇంటికి, ఇంటి నుంచి చేతికి క్రమంగా చేరింది. ప్రతి మజిలీలో ఇంటి రాత స్వభావం మారింది. రెండు, లిపి సాధనం వెనుక నడిచింది. రోమన్ అలవాటుకు ఆ ఆలస్యం ప్రధాన కారణం. మూడు, లిపి చేరినా కుటుంబంలో అది అందరికీ సమానంగా అందలేదు.

ట్రంకుపెట్టెలో దాచిన ఉత్తరాలు యాభై ఏళ్ల తరవాత కూడా చదవగలం. ఫోన్ మార్చినప్పుడు పోయిన సందేశాలను తిరిగి చదవలేము. తాళపత్రాల కోసం, జానపద గేయాల కోసం ఊళ్లు తిరిగిన సంప్రదాయం మన శాఖలకు ఉంది. కుటుంబాల సమ్మతితో, వ్యక్తిగత వివరాలు తొలగించి, ఈ మూడు దశాబ్దాల రోమన్ తెలుగు సందేశాలనూ స్వరసందేశాలనూ సేకరించడం ఆ సంప్రదాయానికి కొనసాగింపే అవుతుంది. అందుకు వ్యవధి తక్కువ. తొలి దశ సందేశాలున్న మీటల ఫోన్లు ఇప్పటికే పాతసామాను దుకాణాలకు చేరుతున్నాయి.