డిస్కుల కొట్లాట, మన తీజ్ పాట



డీవీడీ తర్వాత హై డెఫినిషన్ సినిమా కోసం రెండు డిస్కులు కొట్లాడిన సంగతి మనలో చాలామందికి తెల్వదు. 2006లో తోషిబా వాళ్ల హెచ్‌డీ డీవీడీ, సోనీ వాళ్ల బ్లూ-రే కొన్ని నెలల తేడాతో అమ్మకానికొచ్చినయ్. ఒక్క పొరలో బ్లూ-రేకు 25 జీబీ, హెచ్‌డీ డీవీడీకి 15 జీబీ పడ్తది. కానీ రెండింట్లోనూ బొమ్మ 1920×1080 పిక్సెళ్లే, వీడియోను కుదించే పద్ధతులూ అవే. మామూలు కంటికి పెద్ద తేడా లేదు.

మరి గెలుపు ఎట్ల తేలింది? ఎక్కువగా స్టూడియోలతోనే. డిస్నీ, ఫాక్స్ బ్లూ-రే దిక్కు, యూనివర్సల్ హెచ్‌డీ డీవీడీ దిక్కు నిలబడ్డయ్. రెండు దిక్కులా ఉన్న వార్నర్, 2008 జనవరిలో ఇక బ్లూ-రే ఒక్కటే అన్నది. ఫిబ్రవరి 19న తోషిబా చేతులెత్తేసింది.

అప్పుడు మన దేశంలో మోజర్ బేర్ సినిమా వీసీడీని 28 రూపాయలకే అమ్ముతున్నది. బొమ్మ మసకే, కానీ ధర చేతికందింది.

ఏ డిస్క్ గెలిచినా అందులో ఏముండాలో తేల్చింది పెద్ద కంపెనీలే. వాటిలో మన గోర్ బోలి పాటను అడిగినోళ్లు లేరు.

అదే 2008లో, అక్టోబర్ 15న, మన జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడోళ్లు నడిపే రేడియో అది. అంతకుముందే ఆ సంఘాల ఆడోళ్లు కెమెరా పట్టి తమ పంటల మీద సినిమాలు తీసిండ్రు. ఏ పెద్ద స్టూడియో కోసమూ ఆగలే.

మనమూ ఆగొద్దు. ఈ సెలవులకు తండాకు పోయినప్పుడు తీజ్ పాటలు, యాడీలు చెప్పే కథలు ఫోన్‌లో రికార్డు చేద్దాం, రెండు మూడు చోట్ల కాపీలు దాచుదాం. డిస్కులు పోతయ్, ఫోన్లు మారుతయ్. పాట మిగలాలె.