క్రిస్మసు వెలుగు, గోదావరి డెల్టా: ఒక చారిత్రక పరిశీలన

గౌతమి, వసిష్ఠ పాయల నడుమనున్న రావులపాలెములో డిసెంబరు వచ్చినదంటే క్రైస్తవుల ఇండ్లమీద నక్షత్రములు వెలుగుతాయి. వెదురుబద్దలకు రంగు కాగితము అంటించి లోపల బల్బు పెట్టినవి కొన్ని, బజారులో కొన్న ప్లాస్టిక్‌వి కొన్ని. అదే నెలలో సంఘకాపరులకు ఏటేటా ఒక ప్రశ్న ఎదురగుచున్నది. ఈ తేదీ, ఈ దీపములు రోమీయుల సూర్యారాధననుండి వచ్చినవి కావా? విశ్వాసులు వీటిని విడిచిపెట్టవద్దా? ఈ ప్రశ్న మూలముగా ఒకే కుటుంబములో అన్నదమ్ములు మాటలు మానుకొనుట కూడ మేము ఎరుగుదుము. కనుక దానిని కొంచెము నిదానముగా పరిశీలించగోరుచున్నాము.

క్రీ.శ. 274లో అరేలియను చక్రవర్తి రోములో అజేయ సూర్యునికి ఆలయము ప్రతిష్ఠించిన మాట నిజమే. అయితే డిసెంబరు 25ను ఆ దేవత జన్మదినముగా ఎంచు తొలి లిఖిత సాక్ష్యము 354 నాటి రోమా పంచాంగ సంపుటిలోనిది. క్రీస్తు బేత్లెహేములో జన్మించినది ఆ దినముననే అని తెలుపు పట్టిక కూడ అదే సంపుటిలో ఉన్నది. ఆ పట్టిక మూలము 336 నాటిదని పండితుల అంచనా. ఇక మరొక లెక్క ఉన్నది. ప్రభువు సిలువ మరణము మార్చి 25న జరిగినదని తెర్తుల్లియను కాలమునుండి పశ్చిమ సంఘములో ఎంచేవారు. ఆయన గర్భమున పడినదియు ఆ దినముననే అను సంప్రదాయమును ఆగస్టీను పేర్కొన్నాడు. అక్కడనుండి తొమ్మిది నెలలు లెక్కించిన డిసెంబరు 25 వచ్చును. ఇన్ని సంగతులు ఎదుట ఉండగా, క్రిస్మసు అన్యుల పండుగేనని ప్రసంగ వేదికమీదనుండి తీర్పు చెప్పుట తొందరపాటని మా అభిప్రాయము.

అపాయము లేదని కాదు. 5వ శతాబ్దపు నడిమి కాలమున రోము బిషప్పుగా ఉన్న లియో తన క్రిస్మసు ప్రసంగములలో ఒకదానిలో కొందరు విశ్వాసులను గద్దించాడు. వారు పరిశుద్ధ పేతురు దేవాలయపు మెట్లెక్కి, లోనికి పోకముందు వెనుకకు తిరిగి, ఉదయించు సూర్యునికి తలవంచుచుండిరట! లియో పండుగను రద్దు చేయలేదు. సృష్టికి, సృష్టికర్తకు గల భేదమును బోధించాడు. కాపరులు గమనింపదగిన సంగతి ఇది.

క్రిస్మసు దీపాచారములలో పెక్కు ఉత్తర ఐరోపా చలికాలములో పుట్టినవి. 1747లో జర్మనీలోని మరియెన్‌బోర్న్‌లో మొరేవియనులు పిల్లలచేతికి వెలిగించిన క్రొవ్వొత్తులు ఇచ్చారు. 1839లో హాంబర్గులో వికెర్న్ అను దైవసేవకుడు అనాథ బాలుర గృహములో బండిచక్రముమీద క్రొవ్వొత్తులు నిలిపి, క్రిస్మసుకు మిగిలిన దినములను లెక్కించుట నేర్పాడు. అదే హాంబర్గులో 1836లో స్థాపింపబడిన ఉత్తర జర్మను మిషను సంఘము తరఫున వాలెట్ 1845లో రాజమండ్రి వచ్చాడు. ఆ పని 1851లో అమెరికను లూథరనుల చేతికి వచ్చినది. ఆగమన కాలము, క్రిస్మసు, ప్రత్యక్షత దినము అను సంఘ సంవత్సర క్రమమును లూథరను సంఘములు ఈ తీరమున పాటించినవి. అయితే డిసెంబరు చివర హాంబర్గులో పగలు ఏడున్నర గంటలు మాత్రమే. గోదావరి తీరమున అది పదకొండు గంటలు. సార్వా కోతలు, నూర్పిళ్ళు సాగు మంచి రోజులవి. చలికాలపు చీకటిని ఉదాహరణగా చెప్పు ప్రసంగము ఇక్కడ అతకదు. మరి మన చీకటి ఏది?

యెషయా 9వ అధ్యాయము చలికాలమును గూర్చి మాటలాడుటలేదు. క్రీ.పూ. 732 ప్రాంతమున అష్షూరు సేనలు పాడుచేసిన గలిలయను గూర్చి మాటలాడుచున్నది. కాడి, భుజముమీది కర్ర, సైనికుల చెప్పులు, రక్తము అంటిన వస్త్రములు: ప్రవక్త చూపిన చీకటి అది. డెల్టా ప్రజలకు ఇది క్రొత్త కాదు. 1832-33లో నందన కరువు. 1839 నవంబరులో కోరంగిని ముంచిన తుపాను. ఆ రెంటి నడుమ, 1836లో, ఆంథొనీ నోరిస్ గ్రోవ్సు వెంట బౌడెన్, బీర్ అను ఇద్దరు ఇంగ్లాండునుండి బయలుదేరి వచ్చి నరసాపురమును కేంద్రము చేసికొన్నారు. 1847లో కాటన్ దొర ధవళేశ్వరము ఆనకట్ట పని ఆరంభించగా, ఆ కూలీల మధ్య వీరు సువార్త చెప్పారు. తరువాతి కాలమున ఈ తీరమున సువార్తను అంగీకరించినవారిలో మాల, మాదిగ పేటలవారు అనేకులు. కాడి అను మాట వారికి అలంకారము కాదు.

బౌడెన్, బీర్‌ల బ్రదరన్ సంఘములు ఏటేటి పండుగలను విధిగా ఎంచలేదు. ఆదివారపు రొట్టె విరచుటయే వారికి ప్రధానము. రావులపాలెమునకు ఎగువన రాజమండ్రిలో పండుగ క్రమము, దిగువన నరసాపురములో పండుగ లేని ఆరాధన. ఇరువురు చదివినది ఒకే యెషయా గ్రంథమును. ఈ రెంటి నడుమ పెరిగిన మన సంఘములలో నక్షత్రమును గూర్చి రెండు మనస్సులుండుట వింత కాదు.

పొరుగువారు ఈ నక్షత్రమును ఎట్లు చూతురో కూడ ఆలోచింపవలెను. కార్తికములో గుడి స్తంభమున ఎత్తిన ఆకాశదీపము దిగిన కొద్ది దినములకే మన నక్షత్రము లేచుచున్నది. ఆకాశదీపము మనుష్యుడు దేవతలకును పితృదేవతలకును పైకెత్తు దీపము. లూకా 2లో వెలుగు పైనుండి దిగి కాపరులను చుట్టుకొన్నది, వారు భయపడ్డారు. కాపరులకు నక్షత్రము లేదని కూడ గుర్తించవలెను. అది మత్తయి సువార్తలోని జ్ఞానులకు, అనగా అన్యజనులకు, కనబడినది. మన క్రిస్మసు నాటికలు ఆ రెంటిని కలిపి పిల్లలకు అప్పగించుచున్నవి!

చివరిగా ఒక సంగతి. ఇంటిమీది నక్షత్రము బహిరంగ సాక్ష్యము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులములలో చేరడు. ఆ ఉత్తర్వు 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరింపబడినది, క్రైస్తవులకు కాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారు బి.సి. సి వర్గములో ఉన్నారు. కనుక నక్షత్రము కట్టుటకు వెనుకాడు ఇల్లు ఉన్నచో, కాపరి దానిని మందలింపక ముందు యోహాను 3వ అధ్యాయము చదువుకొనవలెను. వెలుగు లోకములోనికి వచ్చెనను బోధ ఆ అధ్యాయములో ఎవరి ఎదుట సాగినది? రాత్రివేళ వచ్చిన నీకొదేము ఎదుట. ప్రభువు అతనిని పగలు రమ్మని త్రిప్పి పంపలేదు. 19వ అధ్యాయములో సిలువయొద్దనుండి పారిపోయినవారు పారిపోగా, బోళమును అగరును పట్టుకొని వచ్చినవాడు అతడే.