హాలీ సిక్కా నుండి వేలిముద్ర దాకా

నిజాం రాజ్యానికి సొంత నాణెం ఉండేదన్న సంగతి మన సభ్యులలో పెద్దవారికి తెలిసినదే. ఏడు హాలీ సిక్కాలు ఆరు బ్రిటిషు ఇండియా రూపాయలకు సమానం. 1959 వరకు అవి చలామణీలో ఉన్నాయి.

సొంత నాణెం ఉన్న రాజ్యానికి సొంత బ్యాంకు మాత్రం ఆలస్యంగా వచ్చింది. 1941లో చట్టం చేసి, 1942 ఏప్రిల్ 5న గన్‌ఫౌండ్రీలో హైదరాబాదు స్టేట్ బ్యాంకును ప్రారంభించారు. అదే 1956లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది.

నెల జీతం, ఆపై పెన్షను ఉన్న మనకు పాస్‌బుక్కు సులువుగానే దొరికింది. పాతబస్తీలో లక్క గాజులు చేసేవారికి, తోపుడుబండ్ల వారికి, రిక్షా కార్మికులకు అది అంత సులువు కాలేదు. పరిచయ సంతకం పెట్టేదెవరు, చిరునామాకు రుజువేది అన్న ప్రశ్నల దగ్గరే వారు ఆగిపోయేవారు. చిట్టీలు, వడ్డీ వ్యాపారులే వారికి దిక్కు. 2000 తర్వాత తొలి సంవత్సరాలలో నగరంలో కొన్ని సహకార బ్యాంకులు మూతపడడంతో ఉన్న కాస్త నమ్మకమూ సడలింది.

ఈ పరిస్థితిని మార్చిన యంత్రాంగంలో కొంత భాగం మన ఊళ్లోనే రూపుదిద్దుకోవడం విశేషం. మాసబ్ ట్యాంకులో రిజర్వు బ్యాంకు 1996లో నెలకొల్పిన ఐ.డి.ఆర్.బి.టి. సంస్థ, ఒక బ్యాంకు కార్డు మరో బ్యాంకు ఏటీఎంలో పనిచేసేందుకు వీలుగా 2004లో నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను ప్రారంభించింది. 2014 ఆగస్టులో జనధన్ పథకం వచ్చి, కనీస నిల్వ లేకుండానే ఖాతా తెరిచే వీలు కల్పించింది. ఆధార్ తోడయ్యాక, సంతకం రానివారు కూడా బ్యాంకు ప్రతినిధి దగ్గర వేలిముద్ర వేసి తమ డబ్బు తీసుకోగలుగుతున్నారు. 2016లో యూపీఐ వచ్చింది. 2020లో స్వనిధి పథకం కింద వీధి వ్యాపారులకు తొలివిడతగా 10,000 రూపాయల వరకు పూచీకత్తు లేని అప్పు మంజూరు చేయసాగారు.

అయితే యంత్రానికీ ఒక పరిమితి ఉంది. వయసుతో, కాయకష్టంతో అరిగిన వేళ్లను అది ఒక్కోసారి గుర్తించదు. డబ్బు ఖాతాలోనే ఉంటుంది, మనిషి మాత్రం ఉత్త చేతులతో తిరిగి రావాలి. ఆన్‌లైన్ జీవన ధ్రువపత్రం విషయంలో పెన్షనర్లకూ ఇదే ఇబ్బంది ఎదురయింది. 2021లో కేంద్ర పెన్షనర్లకు ముఖం చూపి ధ్రువీకరించుకునే పద్ధతి వచ్చింది.

ఒకనాడు పరిచయ సంతకం లేక పేదవాడు బ్యాంకు గడప దగ్గర ఆగాడు. నేడు వేలిముద్ర పడక ఆగకూడదు. ఫారాలు నింపి, పద్దులు రాసి జీవితం గడిపిన మనం వాడలో అలాంటివారికి పక్కన నిలబడి సాయం చేయగలం. వారి పిన్ నంబరు మాత్రం మనం కూడా అడగవద్దు.