చుట్ట దగ్గు

విశాఖ మన్యమునకు వాకిలి వంటిది నర్సీపట్నము. అచటినుండి సముద్రతీరము వరకును, ఉత్తరమున శ్రీకాకుళము వరకును చుట్ట కాల్చుట తరతరములుగా వచ్చిన అలవాటు. 1897లో అచ్చయిన కన్యాశుల్కములో గిరీశము వెంకటేశమునకు నేర్పిన విద్యలలో ముఖ్యమైనది ఇదియే గదా! మా చిన్నతనమున తెల్లవారుజామున తాతగారి దగ్గు వినిన పిమ్మటనే ఇల్లు మేల్కొనెడిది. అది వ్యాధి యని ఎవ్వరును తలపలేదు. చుట్ట దగ్గు అని పేరు పెట్టి ఊరకుండిరి. దాని వెనుక జరుగునదేమో తెలియుటకు లోకమునకు చాలకాలము పట్టినది.

పొగ దేహములోని మెత్తని పొరలను మార్చివేయునని కంటికి కనబడునట్లు చూపిన తావులలో మన సీమ యొకటి. ఇచట పలువురు స్త్రీలు చుట్టను తిరుగవేసి, నిప్పు కొసను నోటిలో నుంచుకొని పీల్చెడివారు. దీనిని అడ్డపొగ యందురు. గాలికి ఆరిపోదనియు, చేతులు పనిలో నున్నను బూడిద రాలదనియు చెప్పుకొనెడివారు. ఈ అలవాటునకును అంగిటి కాన్సరునకును గల సంబంధమును 1937లో కిని, సుబ్బారావుగార్లు ప్రకటించిరి. కోస్తాంధ్రములో ఇదే సంగతిని 1957లో రెడ్డి, రావుగార్లు విపులముగా వ్రాసిరి. 10,169 మంది గ్రామీణులను పరీక్షించిన పిండ్‌బోర్గు ప్రభృతుల పరిశోధన 1971లో వెలువడినది. అడ్డపొగ పీల్చువారి అంగిలి తెల్లబారి మందమగును. చిన్న గ్రంథుల ద్వారములు ఎర్రని చుక్కలై పైకి తేలును.

అంగిలిని దీపము పట్టి చూడవచ్చును. శ్వాసనాళముల సంగతి అంత సులభము కాదు. ఆ నాళముల లోపలి పొరలో సన్నని కేశముల వంటివి కలిగిన కణములున్నవి. గాలికి వంగి లేచు వరిచేను వలె ఆ కేశములు సెకనుకు సుమారు 10 సార్లు ఊగుచు, దుమ్ము చిక్కుకొనిన శ్లేష్మమును గొంతు వైపునకు నెట్టుచుండును. మనకు తెలియకుండ రాత్రింబవళ్లు జరుగు ఊడ్పు ఇది. ఏండ్ల తరబడి పొగ తగిలినచో కేశములు పొట్టివగును, కొన్ని రాలిపోవును. శ్లేష్మమును స్రవించు కణములు మాత్రము పెరుగును. అడుగున నుండి క్రొత్త కణములను పుట్టించు మూలకణములు సైతము దారి తప్పి, కేశములు గల కణములకు మారుగా చర్మపు పొరను పోలిన చదునైన కణములను పుట్టించును. ఊడ్చువారు తగ్గి చెత్త హెచ్చిన ఇంటిలో మిగిలిన ఉపాయము దగ్గు ఒక్కటే. రాత్రి చేరిన కఫమును తాతగారు ఉదయమున అట్లు వెడలగొట్టుచుండిరన్నమాట.

ఈ మార్పులను అమెరికాలో ఔర్‌బాకు చనిపోయినవారి శ్వాసనాళములను సూక్ష్మదర్శినితో పరీక్షించి 1957లో ప్రకటించెను. రెడ్డి, రావుగార్ల వ్యాసము వెలువడినదియు ఆ సంవత్సరముననే! 1960లో లండనులో లిన్ రీడ్ అను విదుషి శ్లేష్మగ్రంథుల మందమును కొలిచి, దీర్ఘకాలపు దగ్గు గలవారిలో అవి ఎంత ఉబ్బునో చూపెను. కాని ఆయాసమునకు అసలు తావు పెద్ద నాళములు కావు. రెండు మిల్లీమీటర్లకంటె సన్నని కొమ్మలు వాచి, మచ్చకట్టి, మూసుకొనిపోవుటయే కారణమని 1968లో హాగ్ ప్రభృతులు తేల్చిరి. వాటిలో చాలభాగము చెడువరకు మనిషికి ఏమియు తెలియదు. తెలియునప్పటికి మెట్టు ఎక్కుటయే కష్టమగును. చుట్ట ముట్టకున్నను, గాలి ఆడని వంటయింటిలో కట్టెల పొయ్యి ఊదిన స్త్రీలకును ఈ గతి పట్టుట కలదు.

పోయిన ఊపిరి తిరిగి వచ్చునా? లండనులో 792 మంది పురుషులను 8 ఏండ్లు గమనించి ఫ్లెచర్, పీటోగార్లు 1977లో జవాబు చెప్పిరి. పోయినది రాదు. కాని పొగ మానినవారిలో క్షీణించు వేగము తగ్గి, ఎన్నడును పొగ త్రాగనివారితో ఇంచుమించు సమానమగును. కేశములు కొంత మొలచును. కఫము తగ్గును. నాళములలోని వాపు మాత్రము కొందరిలో పొగ మానినను ఏండ్లపాటు నిలిచియుండును. తాతగారు డెబ్బదియవ యేట చుట్ట మానిరి. మరుసటి యేడు ఇంటివారు ఆ దగ్గు కొరకు ఎదురుచూడక, కోడికూతకే లేచిరి.