ఒకే దేహం, రెండు పేర్లు: కాన్‌స్టెన్స్ లిట్టన్

1910 జనవరి 14న ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో, వాల్టన్ కారాగారం వద్ద జరిగిన ఒక నిరసనలో పోలీసులు నడివయసు స్త్రీ నొకతెను నిర్బంధించారు. పొట్టిగా కత్తిరించిన జుట్టు, చవకరకం కోటు, ముక్కుమీద కళ్ళద్దాలు. పేరు జేన్ వార్టన్ అనీ, బ్రతుకుతెరువు కుట్టుపని అనీ ఆమె చెప్పుకున్నది. న్యాయస్థానం పద్నాలుగు రోజుల కఠినశిక్ష విధించి ఆమెను మూడవ తరగతి ఖైదీగా జైలుకు పంపింది. ఆమె అసలు పేరు లేడీ కాన్‌స్టెన్స్ లిట్టన్. 1876 నుండి 1880 వరకు భారతదేశానికి వైస్రాయిగా ఉన్న లిట్టన్ ప్రభువు కుమార్తె.

లిట్టన్ పేరు తెలుగుదేశపు చరిత్రకు కొత్త కాదు. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియాను భారత చక్రవర్తినిగా చాటింది ఆయన ప్రభుత్వమే. ఆ వైభవం సాగుతున్న రోజుల్లోనే బళ్ళారి, కర్నూలు, కడప సీమల్లో ధాత కరువు జనాన్ని కబళిస్తున్నది. కరువుపనులకు వచ్చిన కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై కొద్దిపాటి పైకం చాలునని ఆనాటి అధికారులు లెక్కగట్టారు. ఆ పాలకుని బిడ్డ పెరిగి పెద్దదై ఆకలినే ఆయుధంగా పట్టడం విధి వైచిత్రి అనిపించవచ్చు. అయితే ఈ రెండింటినీ అంతకు మించి ముడిపెట్టడం అతిశయోక్తి అవుతుంది.

కాన్‌స్టెన్స్ 1869లో వియన్నాలో జన్మించింది. బాల్యంలో కొన్నేళ్ళు భారతదేశంలో గడిచాయి. 1891లో తండ్రి మరణించాక తల్లికి తోడుగా ఉండిపోయింది. మనసిచ్చిన వ్యక్తితో పెళ్ళి కుదరలేదు, మరొకరిని కోరలేదు. పుట్టుకతోనే ఆరోగ్యం అంతంతమాత్రం, గుండె బలహీనం. బంధువర్గం మాత్రం సామాన్యమైనది కాదు. అక్క భర్తకు అన్న అయిన ఆర్థర్ బాల్ఫర్ బ్రిటన్ ప్రధానిగా పనిచేశాడు. చెల్లెలు ఎమిలీ, తరువాతి కాలంలో కొత్త ఢిల్లీకి రూపకల్పన చేసిన ఎడ్విన్ లుటెన్స్ భార్య. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని ఇంగ్లండులో కన్నతల్లి వలె ఆదరించినది ఈ ఎమిలీయే.

ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో, 1908లో, కాన్‌స్టెన్స్‌కు స్త్రీల ఓటుహక్కు ఉద్యమకారిణులతో పరిచయం కలిగింది. వారి తీవ్ర పద్ధతులు మొదట ఆమెకు రుచించలేదు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో పార్లమెంటుకు వెళ్ళిన ప్రతినిధి బృందంలో తానే ఉండి, హాలోవే జైలుకు వెళ్ళింది. అక్కడ అనారోగ్యం పేరిట ఆమెను ఆసుపత్రి విభాగంలో ఉంచారు. తోటివారు సాధారణ గదుల్లో మగ్గుతుంటే తనకీ సౌకర్యం ఎందుకని ఆమె పేచీ పెట్టింది; చివరకు సూదితో తన రొమ్ముపై అక్షరం చెక్కుకొని అధికారుల చేత దారికి తెప్పించుకున్నది.

1909 జూలైలో మారియన్ వాలెస్ డన్‌లప్ అనే చిత్రకారిణి జైలులో మొదటి నిరాహారదీక్ష చేసింది. ప్రభుత్వం సెప్టెంబరు నుండి దీక్షాపరుల కడుపులోకి గొట్టంతో బలవంతంగా ఆహారం పంపడం మొదలుపెట్టింది. అక్టోబరులో న్యూకాజిల్ నగరంలో ఒక కారుపై రాయి విసిరి కాన్‌స్టెన్స్ మళ్ళీ ఖైదైంది, దీక్షకు పూనుకున్నది. వైద్యులు ఆమె గుండెను శ్రద్ధగా పరీక్షించారు. ప్రమాదమని తేల్చి, కొద్దిరోజులకే విడిచిపెట్టారు. ప్రసిద్ధ పత్రికా రచయిత బ్రెయిల్స్‌ఫర్డ్ భార్యకూ అదే దయ లభించింది. అదే జైలులో ఉన్న నాటకశాల నటి కిట్టీ మారియన్‌కు మాత్రం గొట్టం తప్పలేదు.

విడుదల కాన్‌స్టెన్స్‌ను అవమానించింది. జబ్బు వల్ల వదిలారా, పుట్టుక వల్ల వదిలారా అన్న ప్రశ్నకు జవాబు రాబట్టే మార్గం ఒక్కటే కనిపించింది. జుట్టు కత్తిరించుకొని, బట్టలపై ఉన్న తన పేరు గుర్తులు తీసివేసి, జోన్ ఆఫ్ ఆర్క్‌ను తలచుకుంటూ జేన్ అనే పేరు పెట్టుకున్నది. వాల్టన్ జైలులో నాలుగురోజుల ఉపవాసం గడిచాక వైద్యుడు వచ్చాడు. గుండె చూడలేదు, నాడి పట్టలేదు. ఉక్కు పనిముట్టుతో దవడలు తెరిచి గొట్టం దింపించాడు. ఆమె వాంతి చేసుకున్నది. పోతూ పోతూ అతడు చెంపమీద కొట్టాడని ఆమె వ్రాసుకున్నది. ఇలా ఎనిమిది పర్యాయాలు జరిగింది. ఆమె ఎవరో అన్న అనుమానం అధికారులకు కలగగానే, జనవరి 23న విడుదల ఉత్తర్వు వచ్చింది. అదే గుండె, అదే దీక్ష, మారినది పేరొక్కటే.

వివక్ష ఏదీ జరగలేదని హోం శాఖ ఖండించింది. సోదరుడు విక్టర్ లిట్టన్ ప్రభువు విచారణ కోసం పట్టుబట్టినా ఫలితం రాలేదు. అయినా ఆ మార్చిలో, కొత్త హోం మంత్రి విన్‌స్టన్ చర్చిల్ హయాములో, ఇటువంటి ఖైదీలకు సొంత దుస్తులు మొదలైన సడలింపులిచ్చే నిబంధన వచ్చింది. ఇది వాల్టన్ ఉదంతం వల్లనే అని చెప్పలేముగాని, ఆ ఒత్తిడి లేనిదే వచ్చేదనీ చెప్పలేము.

మూల్యం ఆమె దేహమే చెల్లించింది. 1912లో పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. ఎడమచేతితో అక్షరాలు దిద్దుకొని కారాగారానుభవాలను గ్రంథస్థం చేసింది. 1914లో వెలువడిన ‘ప్రిజన్స్ అండ్ ప్రిజనర్స్’ పుస్తకంపై రచయితలుగా కాన్‌స్టెన్స్ లిట్టన్, జేన్ వార్టన్ అని రెండు పేర్లూ ఉన్నాయి. 1918లో ముప్పై ఏళ్ళు దాటి, కొంత ఆస్తి అర్హత ఉన్న స్త్రీలకు ఓటు వచ్చింది. నిజమైన జేన్ వార్టన్‌లలో చాలామంది 1928 దాకా ఆగవలసి వచ్చింది.

కాన్‌స్టెన్స్ 1923 మే 2న మరణించింది. అప్పటికి ఆమె కోసం హోం శాఖతో పోరాడిన విక్టర్ కలకత్తాలో బెంగాల్ గవర్నరుగా ఉన్నాడు. మరుసటి ఏడాది అక్టోబరులో, విచారణ లేకుండా నిర్బంధించే అత్యవసర శాసనం బెంగాల్‌లో అమలైంది. ఆ రోజుల్లో జైలుకు వెళ్ళినవారిలో సుభాష్ చంద్రబోసు ఒకడు.