చంపేకొద్దీ ఊళ్లోకొచ్చిన కయోటీ

పోస్టు కాస్త పెద్దది, తీరిక చూసుకుని చదవండి.

2007 ఏప్రిల్‌లో అమెరికాలోని చికాగో నగరం నడిబొడ్డున, పట్టపగలు, ఒక శాండ్‌విచ్ షాపులోకి ఒక కయోటీ నడిచొచ్చింది. తలుపు తెరిచే ఉంది. లోపలికొచ్చి కూల్‌డ్రింకులు పెట్టే ఫ్రిజ్‌లో ఎక్కి కూర్చుంది. ఎవర్నీ కరవలేదు. సిబ్బంది వచ్చి పట్టుకుపోయేదాకా అక్కడే ఉంది. జనం ఫోటోలు తీసుకున్నారు.

కయోటీ అంటే మన గుంటనక్కకు దగ్గరి చుట్టం. నక్కకంటే కొంచెం పెద్దది, తోడేలుకంటే చిన్నది. ఆ పేరు ఇంగ్లీషోళ్లు పెట్టింది కాదు, మెక్సికో మూలవాసుల నాహువాట్ల్ భాషలోది. ఒకప్పుడు అది ప్రధానంగా అమెరికా పడమటి మైదానాల్లో, ఎడారుల్లో తిరిగే జంతువు. ఇప్పుడు హవాయి తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. న్యూయార్క్, లాస్ ఏంజెలిస్, డెన్వర్, ఎక్కడ చూసినా ఉంది. కుక్కపిల్లల్ని ఎత్తుకుపోతోంది, చెత్తడబ్బాలు పడగొడుతోంది అని మున్సిపాలిటీలకు ఫిర్యాదులు. మరి పల్లెపట్టున తిరిగేది నగరానికి ఎందుకొచ్చింది? అడవి పోయింది కాబట్టి వచ్చింది అనుకుంటాం. అది కొంతే నిజం.

ముందు ఒక కథ చెప్పాలి. ఐడహో ప్రాంతంలో నిమీపూ అనే ఆదివాసీ తెగ ఉంది. బయటివాళ్లు వాళ్లను నెజ్ పెర్స్ అంటారు. అంటే ముక్కు కుట్టించుకున్నోళ్లని ఫ్రెంచి వ్యాపారులు తగిలించిన పేరు. (పేరు మనది, రికార్డులో రాసేది ఇంకొకరు. మనకు కొత్తేం కాదులెండి.) వాళ్ల పుట్టుక కథలో కయోటీయే పెద్ద మనిషి. ఒక రాక్షసి జంతువులన్నిటినీ మింగేస్తుంటే కయోటీ కత్తులు కట్టుకుని దాని కడుపులోకి పోయి, లోపల మంట పెట్టి, గుండె కోసి అందర్నీ విడిపించాడు. రాక్షసి ఒళ్లు ముక్కలు చేసి నలుదిక్కులా విసిరితే ఒక్కో ముక్క ఒక్కో తెగ అయింది. చివర్లో చేతులు కడుక్కుంటూ చల్లిన నెత్తుటి నీళ్లలోంచి నిమీపూలు పుట్టారు. కామియా అనే ఊరి దగ్గర ఆ రాక్షసి గుండె అని చెప్పే రాతిగుట్ట ఇప్పటికీ ఉంది. కయోటీ దేవుడూ కాదు, మంచోడూ కాదు. తిండిపోతు, మోసగాడు, తన తెలివికి తనే బోల్తాపడే రకం. మన నక్క కథలు విన్నవాళ్లకు వెంటనే అర్థమవుతాడు.

1860లో నిమీపూల నేలలో బంగారం దొరికింది. 1863 ఒప్పందంతో వాళ్ల భూమిని పదో వంతుకు కుదించారు. ఒప్పుకోని వాళ్లను 1877లో సైన్యం తరిమింది. ఆ రోజుల్లోనే మైదానాల మీద అడవిదున్నల్ని లక్షల్లో కాల్చేశారు. తోలు ఒలుచుకుని వదిలేసిన కళేబరాల్లో తోళ్ల వేటగాళ్లు స్ట్రిక్నిన్ విషం కలిపి తోడేళ్లకు, కయోటీలకు ఎర పెట్టారు. స్ట్రిక్నిన్ అంటే ఏదో అనుకోకండి. మన తూర్పు కనుమల్లో పెరిగే ముష్టి చెట్టు గింజల్లో ఉండే విషమే. మనోళ్లు ఏరి అమ్మే ఆ గింజలు అప్పట్లో ఇండియా నుంచి ఓడల్లో విదేశాలకు పోయేవి.

దున్నలు పోయాక ఆ గడ్డి మీదకి గొర్రెలు, పశువులు వచ్చాయి. అప్పుడు కయోటీ నేరస్తుడైంది. 1915లో అమెరికా కాంగ్రెస్ లక్షా 25 వేల డాలర్లిచ్చి ప్రభుత్వ వేటగాళ్లను పెట్టింది. 1931లో చట్టమే చేసి, ఏడాదికి పది లక్షల డాలర్ల చొప్పున పదేళ్లకు లెక్క కట్టింది. విషం ఎర, బోను, తుపాకీ, తర్వాత విమానాల్లోంచి కాల్పులు. అడవుల్లో తోడేలు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. కయోటీ మాత్రం పోలేదు, పైగా పెరిగింది!

ఎందుకంటే తోడేళ్లు కయోటీల్ని తరిమేవి, చంపేవి. ఆ శత్రువును ప్రభుత్వమే తీసేసింది. ఇంకో సంగతి ఉంది. కయోటీ గుంపులో మామూలుగా పెద్ద జంట ఒక్కటే పిల్లల్ని కంటుంది. ఆ జంటను చంపితే గుంపు చెదిరి, చిన్నవన్నీ విడిపోయి ఎక్కడికక్కడ జతకడతాయి. తినేవి తగ్గాయి కాబట్టి తిండి ఎక్కువ దొరుకుతుంది, పుట్టిన పిల్లలు ఎక్కువ బతుకుతాయి. ఏటా 70 శాతం దాకా చంపినా అవి తట్టుకోగలవని 1975లో కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు లెక్కకట్టారు. విషం వాడకాన్ని కేంద్ర ప్రభుత్వ భూముల్లో అధ్యక్షుడు నిక్సన్ 1972లో ఆపించాడు. కానీ చంపుడు ఆగలేదు, ఇప్పటికీ ఏటా పదుల వేలల్లో చంపుతున్నారు.

అలా తూర్పుకు పాకిన కయోటీ రైలు పట్టాల వెంట, వాగుల వెంట నగరాల్లోకి వచ్చింది. అక్కడ వేటగాడు లేడు, తోడేలు లేదు, ఎలుకలు మాత్రం బోలెడు. చికాగో చుట్టుపక్కల 2000 నుంచీ పరిశోధకులు వీటికి రేడియో కాలర్లు వేసి చూస్తున్నారు. పెంటికలు ఏరి పరీక్షిస్తే 42 శాతం వాటిలో ఎలుకలాంటి చిన్న జీవులు కనిపించాయి. పిల్లుల ఆనవాలు దొరికింది ఒకటిన్నర శాతం లోపే. జనం చెప్పుకునేదానికీ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి.

అలాగని భయమంతా వట్టిదని నేననను. 1981లో కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో మూడేళ్ల పాప ఇంటిముందే కయోటీ దాడిలో చనిపోయింది. తర్వాత ఆ ఇంటికి అర మైలు చుట్టూ వెతికితే 80 రోజుల్లో 55 కయోటీలు దొరికాయి. అర మైలులో 55 బతికాయంటే వాటికి తిండి ఎవరు పెట్టినట్టు? 2018 చివర్లో మన తెలుగోళ్లు బాగా ఉండే టెక్సాస్ ఫ్రిస్కోలో కూడా వరసగా మనుషుల మీద పడ్డాయి. చాలా దాడుల వెనక కనిపించేది ఒకటే. ఎవరో ముద్దుగా చేతితో తిండి పెడతారు, లేదా కుక్కల గిన్నె, చెత్త బయట వదిలేస్తారు. దానికి మనిషంటే బెరుకు పోతుంది. పెట్టినోడు ఒకడు, కరిపించుకునేది ఇంకొకడు, చచ్చేది కయోటీ.

ఇప్పుడు చాలా నగరాలు చెప్పేది బెరుకును మళ్లీ నేర్పమని. కయోటీ ఎదురైతే పరుగెత్తొద్దు. చేతులు పైకెత్తి గట్టిగా అరవాలి, చిల్లర వేసిన డబ్బా గలగలలాడించాలి, నీళ్ల పైపు కొట్టాలి. మనిషి మీదకొచ్చిన దాన్ని మాత్రమే వెతికి చంపుతారు. పట్టుకెళ్లి దూరంగా వదిలితే తిరిగొస్తుంది, లేదంటే దారిలో చస్తుంది. పొలాల్లో కేకలు పెట్టి, డబ్బాలు కొట్టి అడవి పందుల్ని తోలే మనకు ఇది కొత్త విద్యేం కాదు. అక్కడ మాత్రం కరపత్రాలు వేసి నేర్పాల్సి వస్తోంది.

నిమీపూల సంగతి ఇంకొకటుంది. 1995లో కెనడా నుంచి తోడేళ్లను తెచ్చి ఐడహోలో, ఎల్లోస్టోన్‌లో వదిలారు. కొన్నేళ్లలోనే ఎల్లోస్టోన్ ఉత్తర భాగంలో కయోటీలు సగానికి పడిపోయాయి. ఎనభై ఏళ్ల విషం చేయలేని పని అది. ఐడహో శాసనసభ మాత్రం తమ వన్యప్రాణి శాఖను ఆ తోడేళ్ల పని ముట్టుకోనివ్వలేదు. అప్పుడు ముందుకొచ్చి ఆ బాధ్యత తీసుకున్నది నిమీపూ తెగ. తాతల్ని తరిమిన అదే కొండల్లో వాళ్ల పిల్లలు చదువుకుని, కాలర్లు, రేడియోలు పట్టుకుని దాదాపు పదేళ్లు తోడేళ్ల జాడ లెక్కపెట్టారు.