మేరీ ఫిషర్

మేరీ ఫిషర్ (సుమారు 1623–1698) ఇంగ్లండుకు చెందిన తొలితరం క్వేకర్ (ఒక క్రైస్తవ సమాజం) ప్రచారకురాలు. యార్క్‌షైర్‌లోని సెల్బీలో పనిమనిషిగా ఉంటూ క్వేకర్ సమాజ స్థాపకుడు జార్జ్ ఫాక్స్ బోధనలకు ఆకర్షితురాలై అందులో చేరింది. చర్చిలో మతాధికారిని ఎదిరించినందుకు యార్క్ కోటలో ఖైదు అనుభవించింది. అక్కడి తోటి ఖైదీలతో కలిసి 1652లో రాసిన కరపత్రంలో జీతం పుచ్చుకుని బోధించే మతాచార్యులను తీవ్రంగా ఖండించింది. మరుసటి ఏడాది కేంబ్రిడ్జిలో విద్యార్థులతో వాదించినందుకు కొరడా దెబ్బలు తింది.

1656 జూలైలో తోటి క్వేకర్ ఆన్ ఆస్టిన్‌తో కలిసి బార్బడోస్ నుంచి బోస్టన్ చేరింది. క్వేకర్ బోధనలను వ్యతిరేకించే అక్కడి అధికారులు వారి దగ్గరున్న సుమారు 100 పుస్తకాలను తగలబెట్టించారు. మంత్రగత్తెల గుర్తులున్నాయేమోనని ఒళ్లంతా వెతికించి, చెరలో పెట్టి, ఎవరూ వారితో మాట్లాడకుండా చెరసాల కిటికీకి పలకలు కొట్టించారు. నికొలస్ అప్సాల్ అనే వృద్ధుడు జైలరుకు వారానికి 5 షిల్లింగులిచ్చి వారికి తిండి అందేలా చూశాడు. సుమారు ఐదు వారాల తర్వాత ఇద్దరినీ ఓడెక్కించి వెళ్లగొట్టారు.

1658లో ఆమె ఒట్టోమన్ సుల్తాన్ నాలుగో మెహ్మెద్‌ను ఎడిర్నేలో దర్శించింది. ఆయన ఆమె సందేశాన్ని ఆదరంగా విన్నాడు; తోడుగా భటులను పంపుతానంటే ఆమె వద్దంది. తోటి క్రైస్తవులు చెరలో పెట్టిన ఈ సాహసికి ముస్లిం దర్బారులో దక్కిన గౌరవం మతసహనానికి గొప్ప ఉదాహరణ. చివరి రోజులు దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్‌లో గడిపింది.